గంటగంటకూ చిరునామా మారే ఆసుపత్రి

జేబులో ఫోను టింగుమంటుంది. ఎవరో ఏదో రాశారని తెలుస్తుంది. మీరు బస్సులో ఉన్నా, పొలంగట్టు మీద ఉన్నా, నిన్న ఒక ఊళ్ళో ఇవాళ ఇంకో ఊళ్ళో ఉన్నా ఆ ఉత్తరం మీ దగ్గరికే వస్తుంది. అదెలా వచ్చిందని ఇప్పటి పిల్లలెవరూ అడగరు. అడగక్కర్లేకుండా అయిపోయింది కాబట్టి అడగరు. అలా అవడానికి ముందు కొన్నేళ్ళు మాలాంటి వాళ్ళం పడ్డ పాట్లు చెబితే నవ్వుకుంటారు. నవ్వుకోండి, పర్వాలేదు. నాకూ ఇప్పుడు నవ్వే వస్తుంది, ఒక్క సంగతి తలుచుకున్నప్పుడు తప్ప.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బస్తర్‌లో బచేలి ఇనుప గనుల్లో పనికి వచ్చాడు. నేను కంపెనీ క్వార్టర్లలోనే పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో హల్బీ. కంప్యూటరు చదువు చదువుకుని వచ్చేసరికి ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. మొబైళ్ళు మా వైపు రాలేదు. జగదల్‌పూర్ వ్యాపారి ఒకాయన బచేలిలో ఒక చిన్న ఇంటర్నెట్ ఆఫీసు తెరిచాడు. రెండు గదులు, బోలెడన్ని మోడెములు, ఎప్పుడూ బుర్రుమనే ఒక ఏసీ. కొండ మీద నుంచి వచ్చే ఎర్ర దుమ్ము మాత్రం ఏ తలుపు వేసినా ఆగేది కాదు. పొద్దున్నే మోడెముల మీద దుమ్ము తుడవడంతో నా ఉద్యోగం మొదలయ్యేది.

ఆఫీసులో ఉండేది మేమిద్దరమే. రెండోవాడు మా ఇంజనీరు సాబ్. రాయపూర్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. హిందీ తప్ప మాట్లాడడు గానీ తెలుగు అంతా అర్థమయ్యేది. ముఖ్యంగా మా అమ్మ పంపే పులిహోర గురించి మాట్లాడుకుంటే. మంచి బుర్ర ఉన్నవాడు. తన బుర్ర మీద తనకు కాస్త ఎక్కువే నమ్మకం ఉన్నవాడు.

కస్టమర్లు టెలిఫోను తీగ మీద మాకు కాల్ చేసి ఇంటర్నెట్‌లోకి వచ్చేవారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక చిరునామా ఇవ్వాలి. మా దగ్గరున్న చిరునామాలు తక్కువ, కస్టమర్లు ఎక్కువ. అందుకని లాడ్జీలో ఏ గది ఖాళీగా ఉంటే ఆ గది ఇచ్చినట్టు ఇచ్చేవాళ్ళం. ఫోను పెట్టేయగానే గది ఖాళీ. మళ్ళీ కాల్ చేస్తే మళ్ళీ ఇంకో గది. మామూలు కస్టమర్లకు దీంతో పేచీ లేదు. వాళ్ళ ఉత్తరాలు మా సర్వర్లోనే ఉండేవి, వచ్చి చదువుకుని పోయేవారు. పేచీ అంతా ఆఫీసుల్లో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్న వాళ్ళతో. వాళ్ళ పేరున వచ్చిన ఉత్తరాలన్నీ మేము తీసుకెళ్ళి వాళ్ళ సర్వరుకు అప్పజెప్పాలి. కానీ ఆ సర్వరు ఏ గదిలో ఉందో గంటగంటకూ మారిపోతుంటే అప్పజెప్పడం ఎలా?

ఇంజనీరు సాబ్ దీనికొక ఉపాయం చేశాడు. కస్టమరు లోపలికి రాగానే అతని పేరు పక్కన కొత్త చిరునామా దానంతటదే నమోదయ్యేట్టు ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. నమోదవగానే మా సర్వరు ఆ చిరునామాకు ఉత్తరాలు తోసేస్తుంది. మేము నెలల తరబడి ఆ ప్రోగ్రామును మెచ్చుకున్నాం. యజమాని జగదల్‌పూర్ నుంచి మిఠాయి కూడా పంపాడు.

మాకున్న అలాంటి సొంత సర్వరు కస్టమర్లలో ఒకటి ఆసుపత్రి. బచేలి నుంచి సుక్మా వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊళ్ళో, దాతల సాయంతో నడిచే ఆసుపత్రి. దాన్ని నడిపే డాక్టరమ్మ గుంటూరు వైపు ఆవిడ. మందుల గదికి, ల్యాబుకు, తనకు వేరువేరు మెయిలు పేర్లు పెట్టి, అందరి ఉత్తరాలూ ఒకే ఫోను కాలుతో తెచ్చుకోవడానికి సర్వరు పెట్టించుకుంది. ఆసుపత్రికున్నది ఒకటే ఫోను లైను. కంప్యూటరు కాల్ చేస్తున్నంతసేపూ బయటివాళ్ళకు ఆ ఫోను దొరకదు.

ఆ ఏడాది దసరా వెళ్ళినా వాన వదల్లేదు. పిడుగులకు మోడెములు కాలిపోయాయి. లైన్లు మాట మధ్యలో తెగిపోయేవి. అలాంటి ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను చేసింది.

"విశాఖ నుంచి నాకొక రిపోర్టు రావాలి. ఎప్పుడో రావాల్సింది. మీ దగ్గరేమైనా ఆగిపోయిందా?"

నేను చూశాను. ఆసుపత్రి పేరున పంపాల్సిన ఉత్తరాలేవీ మిగిలి లేవు. ఆ మాటే చెప్పాను.

"మరి నాకు రాలేదే! అక్కడ అడిగితే పంపాం, మీ అడ్రసే లేదని తిరిగొచ్చేసింది, పోస్టులో వేశాం అంటున్నారు. ఈ వానల్లో ఆ పోస్టు ఎప్పటికి వస్తుంది? ఫోనులో చదవమంటే మా రూలు ఒప్పుకోదంటారు."

ఇంజనీరు సాబ్ మా సర్వరు రాసుకున్న వివరాలన్నీ వెతికాడు. విశాఖ నుంచి ఉత్తరం వచ్చిన మాట నిజం. మా సర్వరు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన మాట నిజం. "ఆ పేరుగల వాళ్ళు ఇక్కడెవరూ లేరు" అని అవతలి సర్వరు జవాబిచ్చింది. దాంతో మా సర్వరు ఉత్తరాన్ని విశాఖకు తిప్పి పంపేసింది. తప్పేముంది, పోస్టుమాన్ అయినా అదే చేస్తాడు.

"వాళ్ళ మెషీను పాడైంది మేడమ్," అన్నాడాయన నాతో. "సొంత డాక్టరునే లేదంటోంది. వెళ్ళి చూసి రండి."

మర్నాడు పొద్దున బస్సెక్కాను. ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చుని రెండు గంటలు అటూ ఇటూ తిప్పి చూశాను. దాని ఆరోగ్యం నా ఆరోగ్యం కంటే బాగుంది. డాక్టరమ్మ పేరు దానికి చక్కగా తెలుసు. పైగా, మా సర్వరు వచ్చి తలుపు తట్టిందని చెబుతున్న వేళలో ఇక్కడికి ఎవరూ రానేలేదు. ఎవరూ రాకుండా లేదని జవాబెవరిచ్చారు? నాకు అంతుబట్టలేదు.

బయటికి వచ్చేసరికి వరండాలో ఒక పెద్దామె నన్ను ఆపింది. పక్కనే బెంచీ మీద ఒక అమ్మాయి కాలు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలి కింద పెద్ద కట్టు. తెలుగులో మాట్లాడుతున్నానని విని ఆపినట్టుంది పెద్దామె.

"విశాఖపట్నం కాయితం తెచ్చేది నువ్వేనా బిడ్డా?"

"నేను కాదమ్మా, మా మెషీను తేవాలి. ఎక్కడో తేడా వచ్చింది."

"ఏంది తేడా? మాకైతే దినాం గదే చెప్తున్నరు. వస్తది, వస్తది అని."

వాళ్ళది సుక్మా అవతల, సరిహద్దు దగ్గర ఎర్రబోరు పక్కన ఊరట. అమ్మాయి ఆమె కోడలు. మోకాలి కింద ఎముక వాచి, నడవలేకపోయింది. ఎక్కడో ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే క్యాన్సర్ అయుండొచ్చు, కాలు తీసేయాల్సి రావచ్చు అన్నారట. పెద్దామె ఒప్పుకోలేదు. చెల్లెలి మొగుడు బచేలిలో కూలిపనిలో ఉంటే అతన్ని పట్టుకుని, అతను చెబితే ఇక్కడికి తీసుకొచ్చింది. డాక్టరమ్మ ఎముకలో చిన్న ముక్క తీసి, సీసాలో పెట్టి, తెలిసినవాళ్ళ చేతికిచ్చి కిరండుల్ ప్యాసింజరు రైల్లో విశాఖ ల్యాబుకు పంపింది. ఆ ముక్క సంగతి చెప్పే కాగితం కోసమే ఈ ఎదురుచూపులు.

"రేపు సాయంత్రం బస్సుకు నా కొడుకు వస్తడు, తోలుకపోతనంటున్నడు," అంది. "పత్తి ఏరే పనికి మేస్త్రి లారీ పెట్టిండు. ఊరందరు పోతున్రు. ఆడు పోకుంటే ఏడాదంత ఏం తింటం? ఆడిది తప్పుగాదు. గానీ ఈ పిల్లను పత్తిచేన్ల ఎక్కడ కూసోబెడతం?"

కోడలు మెల్లగా అంది, "పోదాం అత్తా. ఎన్నొద్దులని ఈడుంటం?"

"నువ్వు గమ్మునుండు," అని కసిరింది పెద్దామె. మళ్ళీ నా వైపు తిరిగి, "కాలు ఉన్నా ఊడినా అది నా కోడలే. తియ్యాలంటే తియ్యనీ, ఏడుస్తం. గానీ తియ్యాల్నో వద్దో తెల్వకుండ ఎట్ల పోతం చెప్పు?"

డాక్టరమ్మ నన్ను బస్సు దాకా సాగనంపుతూ, "నాకు ఇది క్షయ అనిపిస్తోంది. ఎముకకూ వస్తుంది. అదే అయితే మందులతో తగ్గిపోతుంది, కాలు ఉంటుంది. కానీ రూఢిగా తెలియకుండా ఏడాది పాటు మందులు ఎలా మొదలుపెట్టను? క్యాన్సరే అయితే ఆ ఏడాదీ పోతుంది. ఇక్కణ్ణించి ఒకసారి వెళ్ళిపోయారంటే వీళ్ళను మళ్ళీ ఎక్కడని వెతకను?" అంది.

"రేపు సాయంత్రంలోగా తెప్పిస్తాను" అని నా నాలుక చివరిదాకా వచ్చింది. డాక్టరమ్మ నా ముఖం చూసి, "మాట మాత్రం ఇవ్వకండి," అంది.

ఆ రోజు బచేలిలో బస్సు దిగేసరికి మా ఆఫీసు మెట్ల మీద ఒకాయన గొడుగు దులుపుకుంటూ కనిపించాడు. కిరండుల్‌లో లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా, విజయనగరం మనిషి. వాళ్ళ ఆఫీసుకూ సొంత సర్వరుంది. ఆయన మా దగ్గరికి ఏదో ఒక ఫిర్యాదుతో వారానికోసారైనా వచ్చేవాడు. మా నాన్న ఊరివైపు వాళ్ళ మాట విన్నట్టుంటుందని నేనూ ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చేదాన్ని. ఆ పూట మాత్రం నాకు ఓపిక లేదు.

"ఏటండమ్మా, ఇదేటి న్యాయం?" అన్నాడాయన. "మాది లారీలాఫీసు కదా. మా కంప్యూటర్ని ఎవులో ఒచ్చి డాక్టరమ్మున్నాదా, డాక్టరమ్మున్నాదా అని అడుగుతన్నారు. మా కుర్రోడు సూపించినాడు. ఇక్కడ డాక్టరెవులూ నేరని అది సెప్తన్నాది. మళ్ళా ఒచ్చి అడుగుతన్నారు. ఇది మీ పనేనా?"

నేను మెట్ల మీదే నిలబడిపోయాను. "ఏ డాక్టరమ్మండీ?"

ఆయన జేబులోంచి చీటీ తీసి చదివాడు. అది మా ఆసుపత్రి డాక్టరమ్మ పేరే.

ఒక్క క్షణంలో అంతా కళ్ళకు కట్టింది. ఆసుపత్రి కాల్ చేస్తుంది. దానికో గది ఇస్తాం, పేరు పక్కన రాసుకుంటాం. వానకు లైను పుటుక్కున తెగుతుంది. గది ఖాళీ అవుతుంది గానీ మా దగ్గర రాసుకున్నది మాత్రం చెరగదు. మరు నిమిషంలో లారీల ఆఫీసు కాల్ చేస్తే అదే గది దానికి దొరుకుతుంది. మా సర్వరు డాక్టరమ్మ ఉత్తరం పట్టుకుని వెళ్ళి లారీల ఆఫీసు తలుపు తడుతుంది. వేరే ఎవరైనా ఆ గదిలో ఉంటే తలుపే తీయరు, ఉత్తరం మా దగ్గరే భద్రంగా ఉంటుంది. లారీల ఆఫీసుకు సొంత సర్వరు ఉంది కాబట్టి అది మర్యాదగా తలుపు తీసి, ఇక్కడ అలాంటి వాళ్ళెవరూ లేరంది. అదే కొంప ముంచింది.

గుమాస్తాగారికి ఆ రోజు టీతో పాటు మా అమ్మ చేసిన జంతికలు కూడా పెట్టాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

ఇంజనీరు సాబ్ అంతా విన్నాడు. తర్వాత లేచి వెళ్ళి, తను రాసిన ప్రోగ్రామ్ తెర మీద తెరిచి, అది పరాయివాడు రాసినట్టు మొదటి నుంచీ చదివాడు.

"లైను తెగగానే పేరు చెరిపేసేలా మారిస్తే?" అన్నాను.

"తెగిందని మనకు తెలిసేలోపు ఉత్తరం బయల్దేరి ఉంటుంది మేడమ్. ఆ సందులోనే మళ్ళీ దెబ్బ తింటాం." బొటనవేలితో గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. "అసలు మనం వాళ్ళ ఇంటికి వెళ్ళడమే తప్పు. వాళ్ళే వచ్చి, సంకేత పదం చెప్పి, మా ఉత్తరాలివ్వండి అని అడగాలి. అడిగిన ఆ ఫోను కాల్ మీదనే చేతిలో పెట్టాలి. చేతిలో పడిందని వాళ్ళు చెప్పేదాకా మన దగ్గరున్నది మనం పారేయకూడదు. అప్పుడు వాళ్ళ చిరునామా ఏదైతే మనకేంటి?"

అది ఆయన కనిపెట్టినదేమీ కాదు, అలాంటి పద్ధతి ఒకటి లోకంలో అప్పటికే ఉంది. మా పాత సర్వరుకు అది రాదు. దానికి నేర్పాలి. మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే ఆయన పనిలో దిగాడు. నేను ఫోను పట్టుకుని డాక్టరమ్మకు, ఆవిడ కంప్యూటరులో ఏ మాట మార్చాలో, ఎక్కడ ఏది టైపు చేయాలో ఒక్కో అక్షరం చెప్పాను. లైనులో గరగరలు. ఆవిడ ఓపిక గొప్పది. తర్వాత విశాఖ ల్యాబుకు ఫోను చేశాను.

"అడ్రసు లేదని మీరే కదమ్మా చెప్పారు?" అన్నాడు అవతలి మనిషి.

"ఇప్పుడు ఉందండీ. దయచేసి ఇంకొక్కసారి పంపండి. ఒకమ్మాయి కాలు సంగతి."

"డాక్టరుగారు రాగానే పంపిస్తాను లెండి," అన్నాడు.

మధ్యాహ్నానికి ఉత్తరం మా సర్వరుకు చేరింది. తెర మీద ఒకే ఒక్క వరుస. ఆసుపత్రి పేరు, విశాఖ పేరు. ఇక డాక్టరమ్మ కంప్యూటరు వచ్చి అడగాలి. వచ్చింది. అడిగింది. ఉత్తరం కదిలింది. లైను తెగింది. రిపోర్టుకు ఫొటోలు కూడా జత చేశారు, అందుకని బరువెక్కువ. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తెగింది. బయట ఉరుములు. ఇదే పాత పద్ధతిలో అయితే ఉత్తరం ఈపాటికి లారీల ఆఫీసు తలుపు తట్టి, విశాఖకు తిరుగు ప్రయాణంలో ఉండేది. ఇప్పుడు తెగిన ప్రతిసారీ మా దగ్గరే, చెక్కుచెదరకుండా ఉంది. అది చూసి సంతోషించాల్సిందే. కానీ గోడ గడియారం చూస్తే సాయంత్రం బస్సు గుర్తొస్తోంది.

"సాబ్, ఉత్తరం మన దగ్గరే ఉంది కదా," అన్నాను. "తెరిచి చదివేద్దాం. ఫోనులో చెప్పేస్తాను."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. ఆయనకూ ఆ ఆలోచన వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. "ఆవిడ ఉత్తరం. ఆవిణ్ణి అడిగి చదువుదాం. అడక్కుండా మాత్రం కాదు. ఇవాళ మంచికే చదువుతాం. రేపు ఎందుకు చదువుతామో!"

అడుగుదామని ఆసుపత్రికి ఫోను చేస్తే ఎంగేజ్. ఆవిడ కంప్యూటరు పట్టు వదలకుండా మాకే కాల్ చేస్తోంది. నేను ఆ టెలిఫోనును, ఆ తెరను, ఆ ఉరుములను కలిపి తిట్టుకున్నాను. ఇంజనీరు సాబ్ లేచి ఏసీ ఆపేశాడు. దాని వల్ల లైనుకు ఒరిగేదేమీ లేదు. అయినా ఆపాడు. ఆ నిశ్శబ్దంలో మోడెము కూత మళ్ళీ వినిపించింది. ఈసారి దాని దీపం ఆరలేదు. సన్నగా వణుకుతూనే వెలుగుతోంది. తెర మీద ఆ ఒక్క వరుస ఉన్నట్టుండి మాయమైంది. అందిందని అవతలి నుంచి జవాబు.

తన ప్రోగ్రామే తప్పని ఆయన అనలేదు. బయటికి వెళ్ళి రెండు టీలు తెచ్చాడు. తన డబ్బుతో టీ తేవడం అదే మొదటిసారి.

టీ చల్లారిపోయాక ఫోను మోగింది.

"క్షయే," అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో ఒక నవ్వు దాక్కుని ఉంది. "క్యాన్సర్ కాదు. కాలు ఉంటుంది. ఇప్పుడే చెప్పాను."

"వాళ్ళబ్బాయి వచ్చాడా?"

"వచ్చాడు. వాళ్ళమ్మ మూట మీద కూర్చుని లేవనంటోంది. మందులు వాడినన్నాళ్ళూ తనూ కోడలూ చెల్లెలి ఇంట్లో బచేలిలోనే ఉంటారట. అతను ఒక్కడే పత్తికి వెళ్తాడట. వెళ్ళే ముందు పెళ్ళాం దగ్గర కూర్చుని ఏడ్చాడు పాపం. ఇన్నాళ్ళూ అతన్ని కఠినుడనుకున్నాను నేను."

తర్వాత ఆ పద్ధతినే సొంత సర్వరు కస్టమర్లందరికీ పెట్టాం. లారీల గుమాస్తాగారు ఇంక డాక్టరమ్మ కోసం ఎవరూ రావడం లేదని వచ్చి చెప్పాడు, కాస్త వెలితిగానే. కొన్నేళ్ళకు తీగలు పోయి టవర్లు వచ్చాయి. మా ఆఫీసు మూతపడింది. నేను వేరే చోట చేరి ఇప్పటిదాకా అలాంటి పనులే చేస్తూ వచ్చాను. పెద్ద పెద్ద యంత్రాలు చూశాను. పెద్ద జీతాలూ చూశాను. ఉద్యోగంలో నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది ఆ తర్వాతి ఏడాది ఒక ఆదివారం.

బచేలిలో సంత రోజు. నేను మోడెములు తుడుస్తున్నాను. గుమ్మంలో పెద్దామె కనిపించింది. వెనక ఆమె కోడలు, చేతిలో కూరగాయల సంచీతో. ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. కర్ర లేదు, కట్టు లేదు. కాస్త కుంటు ఉంది, అంతే.

"డాక్టరమ్మ చెప్పింది మీ ఆఫీసిదేనని," అంది పెద్దామె. "కాయితం తెచ్చిన మెషిను చూపిస్తవా?"

చూపించాను. ఆమె దాన్ని ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "గింతేనా?" అంది. ఇంజనీరు సాబ్ పగలబడి నవ్వాడు. లేచి తన కుర్చీని కోడలి వైపు జరిపి, "బైఠో బేటీ," అన్నాడు.

ఆ అమ్మాయి కుర్చీ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్," అంది. "ఇన్నాళ్ళు కూసునే ఉన్న. జర నిలబడనియ్యి."